పనిలేని నాలుగు రోజులు

“ఇరవై నాలుగు దినాలు దేశాలు తిరిగొస్తవు. ఏ ఆడదానికి దొరుకుతదే గిసొంటి యోగం” అంది అత్తగారు, వంటింటి గడప మీద కూర్చుని వక్కలు కత్తిరించుకుంటూ.

సుజాత పొద్దుటి నుంచీ నిలబడే ఉంది. కందిపొడి, కరివేపాకు పొడి, చింతకాయ తొక్కు, అది లేకపోతే భర్త వీరబాబుకు ముద్ద దిగని ఎండురొయ్యల కారం, ఒక్కొక్కటీ రెండేసి ప్లాస్టిక్ కవర్లలో పోసి, మూతిని కొవ్వొత్తి మంటకు ఆనించి అతికిస్తోంది. నూనె కారి ఆయన చొక్కాలకు అంటితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఎనిమిదేళ్ల కిందట హైదరాబాద్ వెళ్తున్నప్పుడు అలాగే ఆవకాయ కారింది. బస్టాండులో అందరి ముందూ ఆ డబ్బా మూతతోనే నోటి మీద కొట్టాడు. పక్కపన్ను విరిగింది. ఆమె కొంగుతో నోరు అద్దుకుని, చొక్కాను బస్టాండు కుళాయి కింద ఉతికి, బస్సు కిటికీ ఊచలకు ఆరవేసింది. ఆ చొక్కా సగం దారి దాటేలోపే ఆరిపోయిందని కూడా ఆమెకు గుర్తుంది.

వీరబాబుకు ఖమ్మంలో రాళ్లు కోసే ఫ్యాక్టరీ ఉంది. టేకులపల్లి దాటాక అడవి అంచున నల్లరాయి క్వారీ ఉంది. ఆ రాయి చైనాకు పోతుంది. చైనా నుంచి బయ్యర్లు వచ్చినప్పుడు వాళ్లకు కారం లేకుండా వండేది సుజాత. వాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడేది సుజాత. వాళ్లు ఎంచిన బండల మీద తెల్లరంగుతో గుర్తులు వేయించేది, వాళ్లు వెళ్లాక ఉత్తరాలు రాసేది కూడా సుజాతే. ఆఫీసులో ఆమెకు కుర్చీ లేదు. చైనా రాళ్ల ప్రదర్శనకు ఆమెను ఎందుకు తీసుకెళ్తున్నాడని ఎవరైనా అడిగితే వీరబాబు నవ్వి, “ఇంట్ల ఊకెనే ఉంటది గదా, నాలుగు ఊళ్లు చూస్తది” అనేవాడు.

ఒకసారి ఆయన బండ కొలత తప్పు చెబితే బయ్యర్ల ముందు ఆమె సరిదిద్దింది. వాళ్ల కారు గేటు దాటాక ఆయన కుక్కర్ మూత విసిరాడు. మోచేయి వాచింది. వాచిన చేత్తోనే ఆమె పాలు తోడుపెట్టింది. అది చూసి అత్తగారు, మగాడన్నాక చెయ్యి లేస్తుందనీ, పని మీద పడితే అదే మరుపుకొస్తుందనీ చెప్పింది. ఆవిడ కూడా అలాగే మరచిపోతూ వచ్చిన మనిషే. సుజాత పెళ్లయి పదిహేనేళ్లు. పదమూడేళ్ల కూతురు గౌతమి, నాన్న కారు హారన్ వినపడగానే పుస్తకాలు సర్దుకుని లోపలి గదిలోకి వెళ్లడం నేర్చుకుంది.

రెండువేల ఏడు మార్చిలో బయల్దేరారు. తోడుగా వీరబాబు స్నేహితుడు చిరంజీవి, అతని భార్య దుర్గ. చిరంజీవికీ రాళ్ల వ్యాపారమే. సింగపూర్‌లో ఆరు రోజులు, కౌలాలంపూర్‌లో నాలుగు రోజులు, మగవాళ్లిద్దరూ పగలంతా వ్యాపారుల చుట్టూ తిరిగారు. వాళ్ల మధ్య సుజాత మాటలు ఇటునుంచి అటు, అటునుంచి ఇటు చేరవేసింది. సాయంత్రం గదికి రాగానే స్నానాలగదిలో చిన్న కరెంటు కుక్కర్ పెట్టి నలుగురికీ అన్నం వండింది. చైనా వెళ్లేముందు నాలుగు రోజులు ఏదైనా దీవిలో పడి ఉందామన్నది చిరంజీవి. తిరిగి తిరిగి ఒళ్లు హూనమైంది, రెస్టు తీసుకోకపోతే మనుషులం కామన్నాడు. పడవలో రెండు గంటలు ప్రయాణం చేసి ఒక చిన్న దీవికి చేరారు.

తాటాకులాంటి ఆకుతో నేసిన కప్పులు, ఒక్కో జంటకు ఒక్కో కాటేజి, గుమ్మం ముందు నుంచే ఇసుక. గదుల్లో వండకూడదని రిసెప్షన్‌లోనే కుక్కర్ తీసి ఉంచుకున్నారు. భోజనం వాళ్లే పెడతారు, పక్క వాళ్లే వేస్తారు, బట్టలు వాళ్లే ఉతుకుతారు. మర్నాడు సుజాత అలవాటుగా ఐదు గంటలకు లేచి కూర్చుంది. ఏం చేయాలో తోచలేదు. తువ్వాళ్లు మడతపెట్టింది. విప్పి మళ్లీ మడతపెట్టింది. ఆయన బనియన్లు బేసిన్‌లో జాడించడం మొదలుపెట్టింది. గది ఊడవడానికి వచ్చిన నడివయసు ఆవిడ అది చూసి, “మేము ఉతుకుతాం గదమ్మా, నువ్వెందుకు తడిసిపోతావు” అంది. తెలుగులో. సుజాత చేతిలోంచి బనియన్ జారిపోయింది. ఆవిడ పేరు అప్పలమ్మ. వాళ్ల తాత విశాఖపట్నం వైపు నుంచి రబ్బరు తోటల్లో పనికి వచ్చాడట. తను ఒక్కసారి కూడా తెలుగునేల చూడలేదట. “కూర్చోమ్మా. సముద్రం చూడు. దానికేం డబ్బులడగరు” అని నవ్వి, బకెట్టు తీసుకుని వెళ్లింది.

సుజాత కూర్చుంది. చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఆమెకు ఆ రోజు తెలిసింది. గదిలో నిలువెత్తు అద్దం ఉంది. ఖమ్మం ఇంట్లో ముఖం వరకు కనబడే అద్దమే. స్నానం చేసి వచ్చి ఆమె తనను తాను పూర్తిగా చూసుకుంది. ఎడమ భుజం మీద పొడుగాటి మచ్చ, బెల్టు కొక్కెం దిగిన చోటు. ఆ రోజు గౌతమి పుట్టినరోజు, వెంటనే వెళ్లి పరమాన్నం కలిపింది. తొడ మీద కాలిన గుర్తు, ఇస్త్రీపెట్టె. ఆ తరువాత అదే చొక్కా ఇస్త్రీ చేసింది. కుడి పక్కటెముకల కింద చెయ్యి పెడితే ఇప్పటికీ కలుక్కుమనే చోటు. ఆ రోజు ఇరవై మందికి వంట. ఒక్కో మచ్చ పక్కనా ఒక్కో పని గుర్తొచ్చింది. పనులే బాగా గుర్తున్నాయి. దెబ్బలు కాదు.

రెండో రోజు పొద్దుటి నుంచే మగవాళ్లు బీర్లు తాగారు. పదకొండు గంటలకు సముద్రంలోకి దిగారు. ఎర్రజెండా దాటి వెళ్లవద్దని ఒడ్డున కాపలా మనిషి చెప్పాడు. సుజాత ఆ మాట తెలుగులో చెప్పింది. నీ సలహా ఎవరడిగారన్నట్టు చూసి వీరబాబు ముందుకు నడిచాడు. గుండెల్లోతు నీళ్లలో నవ్వుతూ వెనక్కి తిరిగాడు. కాళ్ల కింద ఇసుక జారినట్టుంది, రెండు నిమిషాల్లో జెండాకు అవతల తేలాడు. చెయ్యి ఒకసారి పైకి లేచింది. కాపలా మనిషి చాలా దూరంగా, అటు చివర ఉన్నాడు. చిరంజీవి మోకాటి లోతు నీళ్లలో నిలబడి కేకలు పెడుతున్నాడు.

సుజాత చున్నీ తీసి ఇసుకలో పడేసి దూకింది. భద్రాచలంలో పుట్టిన పిల్ల. తండ్రి పిచ్చయ్య గోదావరి మీద లాంచీ నడిపేవాడు. నడక, ఈత కలిపి నేర్చుకుంది. మునిగేవాడు ముందు నిన్నే పట్టుకుంటాడు, పట్టుకుంటే ఇద్దరూ పోతారు, దవడ మీద ఒక్కటిచ్చి జుట్టు పట్టి లాగాలి అని పిచ్చయ్య చెప్పేవాడు. వీరబాబు ఆమెను చూడగానే మెడ చుట్టూ రెండు చేతులూ వేశాడు. గోళ్లు గొంతులో దిగాయి. ఇద్దరూ కిందికి వెళ్లారు. పచ్చటి నీళ్లు, చెవుల్లో హోరు. ఆమె పిడికిలి బిగించి ఆయన దవడ మీద కొట్టింది. ఆయన వదల్లేదు. మళ్లీ కొట్టింది. చేతులు సడలాయి. జుట్టు పట్టుకుని, ముఖం ఆకాశం వైపు తిప్పి, పక్కకు ఈదుకుంటూ ఒడ్డుకు లాగింది. ఇసుకలో బోర్లా పడుకోబెట్టి వీపు మీద తట్టింది. ఆయన ఉప్పునీళ్లు, బీరు కలిపి కక్కాడు. చుట్టూ చేరినవాళ్లు చప్పట్లు కొట్టారు. ఎవరో ఫోటో తీశారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర చిరంజీవి నవ్వాపుకోలేకపోయాడు. “వీరబాబూ, చెల్లె జుట్టు పట్టి గుంజుతుంటే బర్రెదూడ లెక్కనే వచ్చినవ్ గదరా” అన్నాడు. పక్క బల్ల దగ్గరి తెల్లవాళ్లు కూడా సుజాతను చూసి బొటనవేలు ఎత్తారు. వీరబాబు కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి సుజాత తినడం ఆపేసింది.

గదిలోకి రాగానే ఆయన తలుపు గడియ వేసి, ఏసీ పెద్దది చేశాడు. తాపీగా బెల్టు తీశాడు.

“నీళ్లల్ల నన్ను గుద్దినవ్. అందరు చూస్తుంటె గుద్దినవ్.”

“మీరు నన్ను ముంచుతున్నరు. గుద్దకుంటే ఇద్దరం సచ్చేటోళ్లం” అంది.

ఆ మాట పూర్తి కాకుండానే మొదటి దెబ్బ పడింది. తడి ఆరని బట్టల మీద బెల్టు పడితే చప్పుడు వేరుగా ఉంటుంది. ఆమె మంచానికీ గోడకూ మధ్య పడింది. ఆయన కాలితో తన్నాడు. లేవబోతుంటే పిడికిలితో కనుబొమ మీద కొట్టాడు. నీళ్లలో ఎన్ని గుద్దావో అన్నీ తిరిగి తీసుకోమని కొట్టాడు. ఎడమ మణికట్టు మీద మడమ పెట్టి బరువంతా వేశాడు. లోపల ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆమె అరవలేదు. అరవకపోవడం కూడా పదిహేనేళ్ల అలవాటే. అలసిపోయాక ఆయన మంచమెక్కి, ఆమె ప్రాణం పోసిన ఆ ఊపిరితోనే గురక పెట్టాడు.

అప్పుడు సుజాత లేవాలనుకుంది. ఎందుకు లేవాలో గుర్తు రాలేదు. ఇంట్లో దెబ్బ ఎప్పుడూ రెండు పనుల మధ్య పడేది. పొయ్యి మీద పాలు పొంగుతుండేవి, గౌతమికి జడ వేయాల్సి ఉండేది, క్వారీ నుంచి ఫోను మోగుతుండేది. కొట్టించుకుని, లేచి, ఆ పనిలోకి దూరిపోయేది. పని ఆమెను దాచేది. ఒళ్లు నొప్పి పనివల్లో దెబ్బవల్లో తెలియకుండా కలిసిపోయేది. ఇక్కడ వంచాల్సిన గంజి లేదు, తియ్యాల్సిన దుప్పటి లేదు, పిలిచేవాళ్లు లేరు. దెబ్బ ఒక్కటే మిగిలింది. కిటికీలోంచి అంత వెలుగు పడుతుంటే, అది అలా గది మధ్యలో మనిషిలా నిలబడి ఉంది. పదిహేనేళ్లలో మొదటిసారి ఆమె దాన్ని తల తిప్పుకోకుండా చూసింది. ఇదా, అనుకుంది. నా చేతులు ఖాళీగా ఉంటే నా బతుకు ఇదా.

సాయంత్రం ఆయన బయటికి వెళ్లాక దుర్గ వచ్చింది. పౌడరు డబ్బా, పెద్ద చున్నీ తెచ్చింది. కనుబొమ మీద ఎండిన రక్తాన్ని తడిగుడ్డతో తుడుస్తూ, ఎవరైనా అడిగితే రాళ్ల మీద జారావని చెప్పు, చైనా దాకా ఎట్లనో గడిపేద్దాం అంది. సుజాత ఆమె ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. దుర్గ కళ్లు దించుకుని, “నాకేమన్న తక్కువైతదనుకున్నవా చెల్లె. ఆయన కనబడే కాడ కొట్టడు, అంతే” అంది. ఆ ముక్క చెప్పి, పౌడరు డబ్బా అక్కడే మరచి వెళ్లిపోయింది.

మూడో రోజు పొద్దున్నే వీరబాబు ఏమీ జరగనట్టు లేచాడు. టీ పెట్టమన్నాడు. గదిలో కరెంటు కెటిల్ ఉంది. సుజాత ఒంటి చేత్తో నీళ్లు పోసి స్విచ్ వేసింది. ఎడమ మణికట్టు గుమ్మడిపిందెలా ఉబ్బి ఉంది. ఆయన రాళ్ల నమూనాల పుస్తకం మంచం మీద పడేసి, చైనావాళ్లకు ఇవ్వాల్సిన వివరాలు ఇంగ్లీషులో రాయమన్నాడు, ప్రదర్శనలో నోరు తెరిస్తే నవ్వు ముఖం పెట్టాలన్నాడు.

“నేను రాయను. చైనాకు రాను. ఇంటికి పోత” అంది సుజాత.

ఆయనకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పించుకున్నాడు. తరువాత జడ పట్టి తలను గోడకు కొట్టాడు. ఒకసారి, రెండుసార్లు. కళ్ల ముందు నల్లబడింది. మూడోసారి కొట్టబోతుంటే ఆమె ముఖం పక్కనే ఉన్న ఆయన ముంజేతిని పళ్లతో పట్టుకుంది. పక్కపన్ను లేదు, మిగతావి ఉన్నాయి. రక్తం ఉప్పగా నాలుకకు తగిలేదాకా వదల్లేదు. ఆయన కేకపెట్టి వెనక్కి తగ్గాడు. కెటిల్ ఉడుకుతోంది. ఆమె దాన్ని అందుకుని ఎత్తి పట్టుకుంది.

“ఇంకొక్క అడుగు ఎయ్యి. నీ మొకం మీద పోస్త.”

నువ్వు అనడం అదే మొదలు. ఆయన నమ్మలేదు, అడుగు వేశాడు. ఆమె కెటిల్ విసిరింది. అది గోడకు తగిలి పగిలి, మరిగే నీళ్లు ఆయన కుడిపాదం మీద పడ్డాయి. ఆయన నేల మీద కూలబడి పాదం పట్టుకుని అరిచాడు. దీనంగా, భయంగా, పసివాడిలా. ఆమెకు జాలి కలగలేదు, సంతోషమూ కలగలేదు. బల్ల మీద పాస్‌పోర్టులు, టికెట్లు, డబ్బు ఉన్న సంచి ఉంది. తనవీ, దారిఖర్చుకు కొంత డబ్బూ తీసుకుంది. ఆయనవి బల్ల మీదే పెట్టి, గడియ తీసి, ఎండలోకి నడిచింది.

అప్పలమ్మ దుప్పట్లు మోసుకుని ఎదురొచ్చింది. సుజాత ముఖం చూసి దుప్పట్లు ఇసుకలోనే దించేసింది. ఏమైందని అడగలేదు. తన తువ్వాలుతో మణికట్టు కట్టి, భుజం పట్టుకుని దీవిలోని ఆసుపత్రికి, అక్కడి నుంచి పోలీసు ఠాణాకు నడిపించుకుని వెళ్లింది. అక్కడ తలకు ముసుగు చుట్టుకున్న ఒక మహిళా పోలీసు రాసుకుంది. సుజాత తన నోటితోనే, ఇంగ్లీషులో, మొదటి దెబ్బ నుంచి చెప్పింది. తను కెటిల్ విసిరిన సంగతి కూడా దాచలేదు. వీరబాబు కుంటుకుంటూ వచ్చి, ఇది మా ఇంటి సంగతి అని తెలుగులో అన్నాడు. ఆ ముక్క వాళ్లకు చెప్పమని సుజాతకే చెప్పాడు. ఆమె చెప్పలేదు.

మహిళా పోలీసు రాసుకున్న కాగితం నకలు ఇచ్చి ఆమెను వెళ్లనిచ్చింది. ఆ మధ్యాహ్నం పడవలో అప్పలమ్మ కూడా తీరం దాకా వచ్చింది. ఆమె అల్లుడు టాక్సీలో విమానాశ్రయానికి చేర్చాడు. రెండో రోజుకు సుజాత ఖమ్మంలో ఉంది. అత్తగారు కట్టు వైపు చూసి, ముందుగా తన కొడుకు ఏడని అడిగింది. బాగానే ఉన్నాడని చెప్పి సుజాత లోపలికి వెళ్లింది. గౌతమి పుస్తకాలూ బట్టలూ ఒక సంచిలో సర్దింది. ఎన్ని రోజులకని ఆ పిల్ల అడగలేదు. తన దుప్పటి కూడా తెచ్చి సంచిలో కుక్కింది. భద్రాచలం బస్సు పాల్వంచ దాటి అడవిలోకి దిగాక తల్లి భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఇంట్లో ఆ పిల్ల అలా పగలు నిద్రపోవడం సుజాత ఎన్నడూ చూడలేదు.

సుజాత తల్లి రామక్క కరకట్ట వెనక వీధిలో రెండు గదుల ఇంట్లో ఉంటుంది. ఇన్నేళ్లూ కూతురు ఏడ్చినప్పుడల్లా సర్దుకుపొమ్మన్న మనిషే. సర్కారు దవాఖానాలో ఎక్స్‌రే చూసి డాక్టరు, మణికట్టుతో పాటు రెండు పక్కటెముకలు కూడా ఎప్పుడో విరిగి వాటంతట అవే అతుక్కున్నాయని చెప్పింది. రామక్క ఆ నల్లటి ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టుకుని చాలాసేపు చూసింది. “నీళ్లు మోసేటప్పుడు పట్టేసిందని చెప్పినవ్ గద బిడ్డా” అంది. అవ్, అట్లనే చెప్పిన అంది సుజాత. రామక్క ఆ తరువాత సర్దుకుపొమ్మన్న మాట ఎత్తలేదు.

మూడు వారాలకు వీరబాబు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. అతని చిన్నాన్న రామ్‌చందర్, చిరంజీవి, ఇంకో ఇద్దరు. రామక్క పక్కింటి నుంచి కుర్చీలు తెచ్చి వేసింది, టీ ఇచ్చింది. వీరబాబు పాదానికి ఇంకా కట్టు ఉంది. చైనాలో మాట్లాడేవాళ్లు లేక పని చెడిందని మొదట అది చెప్పుకున్నాడు. తరువాత చిరంజీవి అందుకుని, దీవిలో రాళ్లు పాకుడు పట్టి ఉంటాయని, చెల్లె జారిపడిందని చెప్పాడు. దుర్గ రాలేదు. ముందు రోజే ఆమె ఎక్కడి నుంచో ఫోను చేసి, ఎవరన్నా ప్రమాణం చేయించి అడిగితే తను చూసింది చెబుతానని, ఇంట్లో అడిగితే చెప్పలేనని అంది.

పెద్దమనుషులు గంటసేపు మాట్లాడారు. తప్పు రెండు వైపులా ఉందన్నారు. లక్షలు పెట్టి దీవికి తీసుకెళ్లి రాణిలా కూర్చోబెట్టాడన్నారు. ఆడపిల్ల ఎదుగుతోందన్నారు. వీరబాబు తల వంచుకుని, ఇక ముందు చెయ్యి ఎత్తనని అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముంజేతి మీద పళ్ల గుర్తు చొక్కా అంచు కింద కనబడుతోంది. సుజాత గోడకు ఆనుకుని, కట్టు కట్టిన చెయ్యి ఒడిలో పెట్టుకుని, అందరి మాటా ఓపికగా వింది.

చివరికి రామ్‌చందర్ గొంతు తగ్గించి అన్నాడు. “సూడు బిడ్డా. వాని మీద పాణం లేకుంటె అంత సముద్రంల దూకుతవా. నువ్వు బతికించుకున్నోన్ని నువ్వే ఇడిసిపెడ్తవా. మల్ల గట్లనే మునిగితె ఊకుంటవా చెప్పు.”

అందరూ ఆమె వైపు చూశారు. ఆయన మాట పని చేసిందని వాళ్లకు అనిపించింది. కుర్చీల కింద ఖాళీ టీ గ్లాసులు ఉన్నాయి. సుజాత కుడిచెయ్యి దానంతట అదే ఒక గ్లాసు వైపు వెళ్లింది. సగంలో ఆగింది. చెయ్యి వెనక్కి తీసుకుని లేచి నిలబడింది.

“దూకుత మామా. ఇయ్యాల మునిగినా దూకుత. మునిగేటోడు ఎవడని చూసి దూకుతమా. జుట్టు పట్టి గుంజి ఒడ్డున ఏస్త. ఒడ్డున ఏసినంక నా తొవ్వ నాది. మొన్ననే విడాకులకు కోర్టుల దరఖాస్తు ఇచ్చిన, ఎక్స్‌రేలు కూడ ఇచ్చిన. ఇగ అడిగేది ఉంటె జడ్జి అడుగుతడు.”

వీరబాబు తల ఎత్తాడు. గౌతమి బడి విడిచే వేళయింది. సుజాత చెప్పులు వేసుకుని, కింద గ్లాసులు ఎక్కడివక్కడే ఉండగా, వాటిని దాటి వీధిలోకి నడిచింది.